కాశీకి నడిచిన బిడారు: ఏనుగుల వీరాస్వామయ్య తొలి ప్రయాణం (1830–31)

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
– రైళ్లు రాకముందు తెలుగువారు దూరప్రయాణాలు ఎలా చేశారో వివరించగలుగుతారు.
– ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రలో పాతదేమిటో, కొత్తదేమిటో విడదీసి చెప్పగలుగుతారు.
– యాత్రారచనను చరిత్రకు ఆధారంగా వాడేటప్పుడు వేయవలసిన ప్రశ్నలను గుర్తించగలుగుతారు.

1. ప్రవేశిక

నేను ఉద్యోగ విరమణ తర్వాత తుమ్మపాలలో స్థిరపడ్డాను. అనకాపల్లి పక్కనే, శారదా నది దాపున ఉన్న ఊరు ఇది. ఇక్కడి చక్కెర కర్మాగారం నడిచే రోజుల్లో చెరకు బళ్లు రోడ్డు పక్కన బారులు తీరేవి. రాత్రిళ్లు బళ్ల కింద లాంతర్లు వేలాడుతుండేవి. ఎద్దులు నెమరు వేసేవి, బండివాళ్లు మూడు రాళ్లు పెట్టి అక్కడే అన్నం వండుకునేవారు. ఇంటిని వెంటబెట్టుకుని నడవడం అంటే ఏమిటో నాకు మొదట ఆ బళ్లను చూస్తేనే అర్థమైంది.

అలా గుంపుగా, తిండీ పక్కా వెంట పెట్టుకుని దూరం నడిచే జనాన్ని తెలుగులో 'బిడారు' అంటాం. ఇప్పుడు పర్యాటక శాఖల ప్రకటనల్లో 'కారవాన్' అనే మాట మీరు వినే ఉంటారు. మంచం, వంటగది, స్నానాల గది అన్నీ ఉన్న మోటారు బండి అది. 2021లో కేరళ ప్రభుత్వం 'కెరవాన్ కేరళ' పేరుతో ఇటువంటి ప్రయాణాలను ప్రోత్సహించడం మొదలుపెట్టింది. దీన్ని కొత్త అనుభవం అని ప్రచారం చేస్తున్నారు. బండి కొత్తదే. ఇంటిని వెంట తీసుకుపోవాలన్న ఆలోచన మాత్రం కొత్తది కాదు. దాదాపు రెండు వందల ఏళ్ల కిందట ఒక తెలుగు ఉద్యోగి సుమారు వందమందిని వెంటబెట్టుకుని మద్రాసు నుంచి కాశీకి బయలుదేరాడు. పదిహేను నెలలకు పైగా దారుల మీదే గడిపి, చూసినదంతా రాసిపెట్టాడు. ఈ పాఠం ఆ ప్రయాణం గురించి.

2. అంతకు ముందు దారిన పోయినవారు

చరిత్ర విద్యార్థి 'మొట్టమొదటిసారి' అనే మాటను చూస్తే కాస్త అనుమానించాలి. ముందు మన చుట్టుపక్కలే చూద్దాం. అనకాపల్లికి దగ్గరలోని శంకరం గ్రామంలో బొజ్జన్నకొండ ఉంది. కొండను తొలిచిన గుహలు, రాతిస్తూపాలు ఉన్న బౌద్ధక్షేత్రం అది. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకంలో అలెగ్జాండర్ రే అక్కడ తవ్వకాలు జరిపించాడు. బయటపడిన వాటిలో గుప్త చక్రవర్తి సముద్రగుప్తుని బంగారు నాణెం ఒకటి ఉంది. తూర్పు చాళుక్యుల రాగి నాణేలు కూడా ఉన్నాయి. నాణేనికి కాళ్లుండవు. గంగా మైదానంలో ముద్రించిన నాణెం శారదా తీరానికి వచ్చిందంటే ఎన్నో చేతులు మారుతూ, ఎవరెవరో దారి నడిస్తేనే వచ్చింది.

తర్వాతి కాలంలో పెద్ద బిడారులు నడిపినవారు బంజారాలు. మనం లంబాడీలు అని పిలిచేది వీరినే. కోస్తాలో పండిన ఉప్పును ఎద్దుల మీద వేసుకుని లోపలి సీమలకు తీసుకుపోయేవారు, అక్కడి ధాన్యం, అడవి సరుకు తెచ్చేవారు. మన ప్రాంతం నుంచి సాలూరు ఘాటు మీదుగా జయపురం, బస్తరు వైపు ఉప్పు వెళ్లింది ఈ విధంగానే. వేలకు వేల ఎద్దులు ఒకే బారుగా సాగే ఇటువంటి బిడారులను పదిహేడో శతాబ్దిలో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే చూసి వర్ణించాడు. టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధాల్లో కంపెనీ సేనలకు ధాన్యం చేరవేసినవారిలోనూ బంజారాలు ముఖ్యులు. వారికి ప్రయాణం వినోదం కాదు, యాత్రా కాదు. అది వారి బతుకుతెరువు. వారి పిల్లలు పుట్టింది, పెరిగింది తాండాలోనే.

కాశీయాత్ర సంగతీ అంతే. అది ఎంతో పాత ఆచారం. 'కాశీకి పోయినవాడు, కాటికి పోయినవాడు ఒకటే' అన్న సామెత మీ ఇళ్లలో పెద్దల నోట వినే ఉంటారు. వెళ్లేవారు ఉన్నారు, తిరిగి వచ్చేవారు తక్కువ అని దాని భావం. కాబట్టి కాశీకి వెళ్లడమే వీరాస్వామయ్య చేసిన కొత్త పని అనుకోకూడదు. మరి కొత్త ఎక్కడుంది?

3. 1830లో కొత్తది ఏమిటి?

ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నివాసి. బాల్యంలోనే తండ్రిని కోల్పోయాడు. కంపెనీ కొలువుల్లో పని నేర్చుకున్నాడు. తెలుగుతో పాటు తమిళం, ఇంగ్లీషు క్షుణ్ణంగా తెలిసినవాడు. క్రమంగా ఎదిగి మద్రాసు సుప్రీంకోర్టులో దుబాషీ, అంటే ఒకరి భాషను మరొకరికి విప్పి చెప్పే ఉద్యోగి అయ్యాడు. 1830 మే 18న మద్రాసు నుంచి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి మద్రాసు చేరాడు.

ఆయన వెళ్లిన దారిని పటంలో వేలుపెట్టి చూడండి. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా హైదరాబాదు. అక్కడి నుంచి నిర్మల్, నాగపూరు, జబల్పూరు మీదుగా ప్రయాగ, ఆపైన కాశీ. కాశీ తర్వాత గయ, కలకత్తా. తిరుగుప్రయాణం తూర్పు తీరం వెంబడి: పూరీ జగన్నాథం, గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమహేంద్రవరం, నెల్లూరు, మద్రాసు. విశాఖపట్నం నుంచి రాజమహేంద్రవరం పోయే ఆ పాత కోస్తా బాట మన అనకాపల్లి సీమ గుండా సాగేదే. 1831 వేసవిలోనో, ఆ తర్వాత కొద్దికాలానికో ఆ పల్లకీలు మనం రోజూ బస్సెక్కే ఈ ప్రాంతంలోంచే సాగి ఉంటాయి.

ఈ దారి ఆ ఏడు సాధ్యపడడానికి కారణాలున్నాయి. 1817–18లో పిండారీల మీద, మరాఠాల మీద జరిగిన యుద్ధాలతో మధ్య భారతం కంపెనీ అదుపులోకి వచ్చింది. జబల్పూరు ప్రాంతం నేరుగా కంపెనీ పాలనలో ఉంది. నాగపూరులో భోంస్లే రాజు ఉన్నా కంపెనీ రెసిడెంటు మాట నడిచేది. హైదరాబాదులో నిజాం నాసిరుద్దౌలా 1829లో గద్దె ఎక్కాడు. కంపెనీ దండు సికింద్రాబాదులో ఉంది. అంటే ఒక కంపెనీ ఉద్యోగికి మద్రాసు నుంచి కలకత్తా దాకా ఎక్కడికి వెళ్లినా తన పై అధికారుల వంటి అధికారులు తగిలే కాలం వచ్చింది. తపాలా కూడా నడుస్తోంది. దారిలోంచి ఉత్తరం వేస్తే మద్రాసు చేరుతుంది.

అయితే భయం పోయిందని అనుకోకండి. ఆయన ప్రయాణించిన ఆ ఏళ్లలోనే జబల్పూరు ప్రాంతంలో స్లీమన్ అనే అధికారి థగ్గులను, అంటే బాటసారులతో స్నేహం కలిపి దారిలో చంపే దొంగలను, పట్టే పని ముమ్మరం చేస్తున్నాడు. గుంపుగా వెళ్లడం కేవలం హోదా కోసం కాదు, ప్రాణరక్షణ కోసం కూడా.

ఇప్పుడు ప్రపంచం వైపు ఒకసారి చూడండి. 1830 సెప్టెంబరులో ఇంగ్లండులో లివర్‌పూల్, మాంచెస్టర్ నగరాల మధ్య ఆవిరి ఇంజన్లతో రైలు మొదలైంది. అదే ఏడు నవంబరులో రాజా రామమోహన్ రాయ్ కలకత్తాలో ఓడ ఎక్కి ఇంగ్లండుకు బయలుదేరాడు. అంటే పల్లకీ మీద సాగిన ఈ కాశీయాత్ర ఒక యుగం చివర జరిగింది. ఆ సంగతి అందులో ఉన్నవారికి తెలియదు.

4. నడిచే ఇల్లు

వందమందితో పదిహేను నెలలు అన్న మాటను తేలిగ్గా దాటిపోకండి. ఒక కాగితం తీసుకుని లెక్క వేయండి. మనిషికి రోజుకు అర కిలో బియ్యం అనుకుంటే వందమందికి రోజుకు 50 కిలోలు. దానికి తగ్గ పప్పు, ఉప్పు, చింతపండు, నెయ్యి. వండడానికి కట్టెలు. తాగడానికి, స్నానానికి నీళ్లు. ఎద్దులూ గుర్రాలూ ఉంటే వాటికి గడ్డి. పాతిక ఇళ్లున్న పల్లెలో సాయంత్రానికి ఇంత బిడారు దిగితే ఆ ఊరి అంగట్లో సరుకు చాలుతుందా? ఊరి బావి చాలుతుందా?

అందుకే ఆయన రాతల్లో ప్రతి మజిలీ దగ్గరా ఊరు పెద్దదా చిన్నదా, అంగళ్లు ఉన్నాయా, మంచినీళ్లు దొరుకుతాయా, దిగడానికి సత్రమో చావడో ఉందా అన్న వివరాలు వస్తూనే ఉంటాయి. దూరాలను ఆమడల్లో చెబుతాడు. ఆమడ అంటే సుమారు ఎనిమిది మైళ్లు, మన లెక్కలో పన్నెండు పదమూడు కిలోమీటర్లు. దారి ఇసుకదా, రాతిదా, రేగడిదా అన్నదీ ఆయనకు ముఖ్యమే. రేగడి నేల వానకు తడిస్తే పల్లకీ మోసేవారి కాలు దిగబడుతుంది.

ఇక్కడ రుతువును గమనించండి. మే నెల ఎండలో బయలుదేరినవారికి దక్కను చేరేసరికి వానాకాలం ఎదురవుతుంది. ఆ కాలంలో కృష్ణ, తుంగభద్రల మీద వంతెనలు లేవు. వెదురుతో అల్లి తోలు కప్పిన గుండ్రటి పుట్టి ఎక్కి నది దాటాలి. వందమంది, సామాను, పశువులు దాటడానికి పుట్టి ఎన్నిసార్లు అటూ ఇటూ తిరగాలో ఊహించండి. ఒక నది దాటడమే ఒక రోజు పని.

మరొక చిక్కు డబ్బు. ఇప్పుడు మీరు అనకాపల్లి నుంచి కాశీకి ఒకే రూపాయితో వెళ్లగలరు. అప్పుడు సీమ మారితే నాణెం మారేది, తూకం మారేది, కొలత మారేది. మద్రాసు నాణేనికి హైదరాబాదులో వట్టం, అంటే మార్పిడి తరుగు, కట్టాలి. ఈ మార్పులను ఆయన ఓపికగా నమోదు చేశాడు. ఆర్థిక చరిత్రకారులకు ఆ వివరాలు ఈనాటికీ పనికివస్తున్నాయి.

5. రాసిపెట్టడం అనే కొత్త పని

వీరాస్వామయ్య చేసిన అసలు కొత్త పని ఇక్కడుంది. దారి పొడుగునా తాను చూసినది రాసి, మద్రాసులోని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు పంపేవాడు. పిళ్లె వాటిని చేర్చి కూర్చాడు. వీరాస్వామయ్య 1836లో కన్నుమూశాడు. రెండేళ్ల తర్వాత, 1838లో ఆ రచన 'కాశీయాత్ర చరిత్ర' పేరుతో మద్రాసులో అచ్చయింది. వందేళ్లు దాటాక, 1941లో దిగవల్లి వేంకట శివరావు గారు దాన్ని వివరమైన గమనికలతో మళ్లీ ప్రచురించి మన తరాలకు అందజేశారు. తెలుగులో యాత్రాసాహిత్యం అనగానే మొదట చెప్పుకునే పుస్తకం ఇదే.

అంతకు ముందు క్షేత్రాల గురించి రాయలేదా అంటే రాశారు. స్థలపురాణాలున్నాయి, క్షేత్రమాహాత్మ్యాలున్నాయి. అవి ఆ చోటికి వెళితే వచ్చే పుణ్యం చెబుతాయి. వీరాస్వామయ్య పుణ్యంతో పాటు ఆ చోట పప్పు దొరుకుతుందో లేదో చెబుతాడు. తన వెనుక రాబోయే మనిషిని మనసులో పెట్టుకుని రాసిన రాత అది. అలవాటైన దారిలో పోయేవాడు ఏదీ గమనించడు. రోజూ మీరు నడిచే వీధిలో ఎన్ని మెట్లున్నాయో మీరు చెప్పగలరా? కొత్తగా వచ్చినవాడికే అన్నీ కనిపిస్తాయి. తొలి ప్రయాణికుల రాతలకు చరిత్రలో అంత విలువ రావడానికి కారణం ఇదే.

6. ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న

నేను ఈ పుస్తకాన్ని దాదాపు ముప్పై ఏళ్లు పాఠంగా చెప్పాను. దేవాలయాలు, రాజులు, నాణేలు, రోడ్లు అన్నీ వివరించాను. కొన్నేళ్ల కిందట అనకాపల్లిలో ఒక ఆదివారం సంపర్క తరగతిలో ఇదే పాఠం చెబుతున్నాను. పగలంతా బెల్లం లారీ తోలి, రాత్రి చదువుకునే ఒక విద్యార్థి వెనక బెంచీలోంచి లేచాడు. "మాస్టారూ, ఆయన పల్లకీలో కూకుని రాసుకున్నారు, బాగుంది. మరి మోసినోళ్లు ఏటి తిన్నారండీ? ఎక్కడ పడుకున్నారండీ?" అని అడిగాడు.

తరగతిలో కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ముప్పై ఏళ్లలో ఆ ప్రశ్న నేను వేసుకోలేదు. దూరాలన్నీ చెప్పాను గాని, ఆ దూరాలను ఎవరి కాళ్లు నడిచాయో చెప్పలేదు. ఆ రాత్రి పుస్తకం మళ్లీ తీసి మొదటి పుట నుంచి చదివాను. ఈసారి పల్లకీ కిటికీలోంచి కాక, పల్లకీ బొంగు కిందినుంచి చదివాను.

బోయీలు తమ ప్రయాణాన్ని రాసిపెట్టలేదు. వారి మాట వారి నోట మనకు దక్కలేదు. అంతమాత్రాన వారు చరిత్రలో లేనట్టు కాదు. ఉన్న ఆధారాన్నే పక్కనుంచి అడగాలి. యాత్రికుడు 'ఈ దారి రాతినేల' అని రాస్తే అది చెప్పులు లేని కాలి గురించిన సమాచారం. 'ఇక్కడ నీళ్లు లేవు' అంటే దాహం ముందుగా ఎవరికి? ఒక ఊళ్లో మజిలీ చేసి మరునాడు కూడా ఆగితే, అది దేవుని దర్శనానికా, అలసినవారి విశ్రాంతికా? బియ్యం ధర పెరిగిన చోట కూలి డబ్బుతో తిండి కొనుక్కునేవాడి గతి ఏమిటి? ఈ ప్రశ్నలు వేస్తే, పేరు లేని మనుషులు పంక్తుల మధ్య కనిపించడం మొదలవుతుంది.

దీని వల్ల వీరాస్వామయ్య గొప్పతనం తగ్గుతుందా? తగ్గదు. అంతమందిని అంత దూరం నడిపి, వెనక్కి తీసుకురావడానికి కావలసిన ఓర్పు సామాన్యమైనది కాదు. బోయీల కాళ్ల లెక్క మనం ఈ రోజు వేయగలుగుతున్నది కూడా ఆయన దూరాలు రాసిపెట్టాడు కాబట్టే. అయితే రాసినవాడి ప్రయాణాన్ని మాత్రమే ప్రయాణం అనుకుంటే మనం చదివింది సగం చరిత్రే.

7. రైలు, ఆ తర్వాత

పల్లకీ ప్రయాణం ఎంతోకాలం నిలవలేదు. తూర్పు తీర రైలుమార్గం 1893 నుంచి 1896 వరకు భాగాలుగా తెరుచుకుంది. 1900లో రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద వంతెన పూర్తయ్యాక మద్రాసు నుంచి కలకత్తాకు రైలులోనే పోగలిగారు. వీరాస్వామయ్య నెలల తరబడి నడిచిన తీరపు దారి రోజుల్లోకి వచ్చింది. వందమంది, డేరాలు, వంటసామాను అక్కర లేకుండా టిక్కెట్టు కొనుక్కున్న పేదవాడు కూడా కాశీకి వెళ్లగలిగాడు. మన తాతమ్మలు ముత్తవ్వలు కాశీకి వెళ్లి కాశీచెంబులతో తిరిగొచ్చిన కథలు రైలు వచ్చాకనే ఇంటింటి కథలయ్యాయి. పల్లకీ మోసే వృత్తి మాత్రం దూరప్రయాణాల నుంచి తప్పుకుని పెళ్లి ఊరేగింపులకు పరిమితమైంది.

విచిత్రం ఏమిటంటే, రైలు ప్రయాణం మామూలైపోయిన ఇంగ్లండులో కొందరు మళ్లీ నెమ్మదిగా సాగే బిడారును కోరుకున్నారు. 1885లో గోర్డన్ స్టేబుల్స్ అనే నౌకాదళ వైద్యుడు రెండు గుర్రాలు లాగే ఇల్లులాంటి బండిని చేయించుకుని, దానికి 'వాండరర్' అని పేరు పెట్టి, ఇంగ్లండు నుంచి స్కాట్లండు దాకా వెళ్లాడు. వినోదం కోసం కారవాన్‌లో తిరగడానికి ఇది ఆరంభమని చెబుతారు. ఆయన వెంట బండి తోలేవాడు ఒకడు, సేవకుడు ఒకడు ఉన్నారు. ఇరుకు దారుల్లో ఎదురుగా వచ్చేవారిని హెచ్చరించడానికి ఆ సేవకుడు మూడు చక్రాల సైకిలు మీద ముందు పోయేవాడు. పుస్తకం రాసింది మాత్రం వైద్యుడు. మద్రాసులోనైనా, ఇంగ్లండులోనైనా కథ అదే.

రేపు మీరే మొదటిసారి కారవాన్‌లో అరకు లోయకో మరెక్కడికో వెళ్లవచ్చు. బోయీ భుజం స్థానంలో ఇంజను ఉంటుంది. అయినా రాత్రంతా మెలకువగా బండి తోలే డ్రైవరు, మీరు ఆగిన చోట నీళ్లు పట్టి ఇచ్చే మనిషి, మీరు వదిలిన చెత్త ఎత్తే మనిషి ఉంటారు.

8. సారాంశం

కాశీయాత్ర పాతది. కంపెనీ పాలనలో ఒక ఉద్యోగి తన ఇంటినంతా కదిలించి, దేశం చుట్టివచ్చి, వెనుక వచ్చేవారికి పనికొచ్చేలా దారి వివరాలు రాయడం కొత్త. ఆ కొత్తదనం 1818 తర్వాతి రాజకీయ పరిస్థితుల వల్ల సాధ్యమైంది, రైలు రావడంతో ముగిసింది. యాత్రారచన రాసినవాడి కళ్లతో చూపిస్తుంది. చరిత్ర విద్యార్థి ఆ కళ్లతో చూడాలి, ఆ కళ్లు చూడనివాటినీ వెతకాలి.

ఒక చిన్న పని చేయండి. ఈసారి మీరు ఏ కొత్త ఊరికి వెళ్లినా, బస్సులోనైనా సరే, ఒక పుట రాయండి. దూరం, టిక్కెట్టు ధర, తాగునీళ్లు, టీ ధర రాయండి. చివర ఒక వాక్యం చేర్చండి: ఈ ప్రయాణంలో నన్ను మోసింది ఎవరు? వారి పేరు అడిగి రాయండి. ఆ లారీ విద్యార్థి ప్రశ్నకు నేను ఆ రోజు ఇవ్వలేకపోయిన జవాబుకు అది మొదలవుతుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. వీరాస్వామయ్య కాశీయాత్రకు 1818 తర్వాతి రాజకీయ పరిస్థితులు ఎలా తోడ్పడ్డాయి?
2. బంజారాల బిడారుకు, వీరాస్వామయ్య బిడారుకు గల తేడాలు ఏమిటి?
3. స్థలపురాణానికి, 'కాశీయాత్ర చరిత్ర'కు గల భేదాన్ని ఉదాహరణలతో వివరించండి.
4. తమ గురించి తాము రాసుకోని వారి చరిత్రను యాత్రారచనల నుంచి ఎలా వెలికితీయవచ్చు? మీ ప్రాంతం నుంచి ఒక ఉదాహరణతో చర్చించండి.